350-ఏ గారి చేష్టలు

మహారాజశ్రీ రాజ్యాంగ అధికరణం 350-ఏ గారి దివ్య సముఖమునకు,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తెలుగు మాస్టారి పోస్టు మాత్రం ఖాళీ.

మొన్న శనివారం సగం రోజు సెలవు పెట్టి విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాను. పాత మాస్టారు రిటైరయ్యాక, పూజా సెలవుల తర్వాత కొత్తాయన వస్తారన్నారు. సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది. మూడు గంటలు కూర్చోబెట్టి గుమస్తాగారు సెలవిచ్చిన మాట: "చేష్టా కరుఛు". ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే లెండి. ఒడియాలో చేష్టా అంటే ప్రయత్నం. తెలుగులో చేష్టలంటే ఏమిటో తమకు నేను చెప్పాలా?

ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చి మిమ్మల్ని చదివాను. పాపం, ఆయన తప్పేం లేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు చిన్న తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి అని మీలోనే ఉంది. చెప్పించి తీరాలి అని లేదు! 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే మీరూ అమల్లోకి వచ్చారు. ఆ రాష్ట్రం పెరిగి పెద్దదై రెండు ముక్కలు కూడా అయింది. మీరింకా ప్రయత్నంలోనే ఉన్నారు. మీ తమ్ముడు 350-బి గారి కింద ఉండే అల్పసంఖ్యాక భాషల ప్రత్యేకాధికారి రిపోర్టులు రాస్తారట. రాయనివ్వండి.

మా తాతలు ఇక్కడికి వలస రాలేదండీ. ఒరిస్సా రాష్ట్రం పుట్టిన 1936 ఏప్రిల్ 1న, పడుకున్న చోటే ఒరిస్సాలో లేచారు. ఒడియా మీద మాకు కోపమూ లేదు. రెండో తరగతి చదివే మా అమ్మాయి గడగడా చదువుతుంటే ముచ్చటేస్తుంది.

ఇదే ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. అప్పటికి మీరు లేరు, అందుకే పని జరిగిందేమో. (ఆ సవర పిల్లల గురించి ఇప్పుడు మేమెంత మాట్లాడుతున్నామో అడక్కండి. ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండేసి, పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో పడేసేదీ మావాళ్ళే.)

అసలు సంగతి ఇది. సరిహద్దు అవతల ఆంధ్రాలో, పాతపట్నంలో ఉన్న అమ్మమ్మకు మా అమ్మాయి పండక్కి కార్డు పంపింది. మాటలన్నీ తెలుగే, అక్షరాలన్నీ ఒడియా. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫోన్ చేసి, "ఏటమ్మా రాసినావు?" అని అడిగింది. పిల్ల మొహం చిన్నబోయింది. నేను చేష్టలుడిగి చూస్తూ ఉండిపోయాను.

ప్రయత్నమట, ప్రయత్నం! డెబ్బై ఏళ్ళు కావస్తోంది. అడిగింది ఒక్క మాస్టారిని, ఒక్క నల్లబల్లని. సిగ్గుండక్కర్లా?

క్షమించాలి, నోరు జారాను. ఎంతైనా ఆ ఆఫీసులో చూపించడానికి నా దగ్గరున్న కాగితం మీరొక్కరే. వచ్చే శనివారం మీ జిరాక్సు పట్టుకుని మళ్ళీ వెళ్తాను.

కింద నా సంతకం పక్కన మా అమ్మాయి కూడా తన పేరు రాసింది. ఒడియాలో ఉంది. చదవడానికి చేష్టా చెయ్యండి.