తప్పులెన్నే పార్సర్ గారికి

మహారాజశ్రీ పార్సర్ గారికి,

ప్రోగ్రాంను చదివి అది భాష వ్యాకరణానికి సరిపోతుందో లేదో తేల్చే మీ సన్నిధికి రోజూ తప్పుడు ప్రోగ్రాములు పంపేది నేనే. అదే నా ఉద్యోగం. లోకంలో అందరూ సరిగ్గా రాసి జీతం తీసుకుంటారు. నేను మాత్రం కామా ఎగరగొట్టి, బ్రాకెట్ తెరిచి వదిలేసి, కొటేషన్ గుర్తును సగంలో మింగేసి తీసుకుంటాను. మీరు వాటిని కాదంటారు. కాదనగానే నా టెస్టు పాస్ అవుతుంది. కనుక మీకూ నాకూ ఏ పేచీ లేదు. ఈ లేఖ మన ఇద్దరి మధ్య నలిగిపోతున్న మూడో మనిషి తరఫున రాస్తున్నాను. ప్రోగ్రాం రాసుకుంటూ నిజంగానే తప్పు చేసిన మనిషి తరఫున.

మీకు మేం పెట్టే పరీక్షల తీరు ఒకసారి చూడండి. సరైన ప్రోగ్రాం ఇచ్చినప్పుడు నిలదీసి అడుగుతాం: సింటాక్స్ ట్రీ (ప్రోగ్రాం నిర్మాణాన్ని చూపే చెట్టు) ఎలా కట్టారు, కూడిక కన్నా గుణకారానికి ముందు చోటిచ్చారా, ఏ ఎల్స్‌ను ఏ ఇఫ్‌కు తగిలించారు అని. తప్పు ప్రోగ్రాం ఇచ్చినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న. కాదన్నారా? అన్నాను. శభాష్, వెళ్ళిరండి. ఎందుకు కాదన్నారో, ఏ లైను మీద వేలు పెట్టారో అడిగే నాథుడు లేడు. ఆ మాటకొస్తే, ఎడిటర్‌లో మనిషి టైపు చేస్తున్నంతసేపూ మీ ముందుండేది సగం రాసిన ప్రోగ్రామే, అంటే తప్పు ప్రోగ్రామే. మీరు రోజంతా చేసే పనికి పరీక్ష లేదు, అప్పుడప్పుడు చేసేదానికి మాత్రం టెస్టులు గుట్టలుగా ఉన్నాయి.

ఈ ఒంటి ప్రశ్న పరీక్షలో దొంగ పాసులు కొల్లలు. ‘ఫంక్షన్ బయట రిటర్న్ రాయకూడదు’ అనే నియమానికి ఒకరు టెస్టు రాస్తారు. హడావుడిలో ఆ టెస్టులోనే ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతారు. మీరు బ్రాకెట్ దగ్గరే ఆగిపోతారు, ఎర్రర్ వస్తుంది, టెస్టు పాస్. రిటర్న్ దాకా మీరు వెళ్ళనే లేదు. రేపు ఎవరైనా ఆ నియమాన్ని కోడులోంచి పూర్తిగా పీకేసినా ఆ టెస్టు అలాగే పాస్ అవుతూ ఉంటుంది. జావాస్క్రిప్ట్ అధికారిక పరీక్షల సంపుటి టెస్ట్262 కొంత నయం: ఎర్రర్ పార్సింగ్ దశలోనే వచ్చిందా, దాని రకం సింటాక్స్ ఎర్రరేనా అని రెండూ చూస్తుంది. అంతకుమించి చూడలేదు, ఎందుకంటే సందేశంలో ఏముండాలో ఆ భాషా ప్రమాణం చెప్పదు. మీరు ‘పో అవతలికి’ అని రాసినా టెస్ట్262 దృష్టిలో మీరు ఉత్తీర్ణులే.

పైథాన్ భాష అవతారంలో మీరు చాలాకాలం చేసిన నిర్వాకం ఒకటి ఇక్కడ పెడతాను. మీ పుణ్యమా అని పైథాన్ 3లో పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు, కనుక ఇది అచ్చంగా మీరు చదవగలిగిన కోడే:

మార్కులు = {1: 35, 2: 60, 3: 72,
మొత్తం = లెక్కించు()

తప్పు మొదటి లైనులో ఉంది. మీసాల బ్రాకెట్ మూయలేదు. మీరు పైథాన్ వెర్షన్ 3.9 దాకా రెండో లైనులోని సమాన గుర్తు కింద బాణం పెట్టి ‘ఇన్‌వాలిడ్ సింటాక్స్’ అనేవారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. ఆ మనిషి రెండో లైనును చెరిపి మళ్ళీ రాస్తాడు, సమాన గుర్తుకు అటూ ఇటూ ఖాళీలు సర్దుతాడు, ఫంక్షన్ పేరును అనుమానిస్తాడు. ఆ లైనులో ఏ పాపమూ లేదు.

మీ వాదన నాకు తెలుసు. మీరు ఎడమ నుంచి కుడికి చదువుతారు. బ్రాకెట్ తెరిచి ఉంది కనుక ‘మొత్తం’ అనేది తర్వాతి కీ (విలువకు ముందు ఉండే పేరు) కాబోలు అనుకున్నారు. సమాన గుర్తు కనబడ్డాక గానీ తేడా తెలియలేదు. నిజమే, ఒప్పుకుంటాను. కానీ మీకు తప్పు తెలిసిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు. మేం అడిగేది రెండోది. 2021లో వచ్చిన 3.10లో మీరే బుద్ధిగా మొదటి లైనులోని బ్రాకెట్‌ను చూపించి, దీన్ని మూయనే లేదు అని చెప్పడం మొదలుపెట్టారు. తెరిచిన బ్రాకెట్ల లెక్క, కోడును టోకెన్లుగా (పేరు, అంకె, గుర్తు వంటి ముక్కలుగా) విడగొట్టి మీకు అందించే టోకెనైజర్ దగ్గర ముందునుంచీ ఉంది, అడగాలని తోచడమే ఆలస్యమైంది. ఇప్పుడైతే ఒకసారి మామూలు నియమాలతో చదివి, కుదరకపోతే తప్పుల కోసమే రాసిన ప్రత్యేక నియమాలతో రెండోసారి చదువుతున్నారు. సంతోషం. పేరులో కంటికి కనబడని అక్షరం దూరితే కూడా ఫలానా నంబరు అక్షరం అని చెబుతున్నారు. తెలుగులో పొల్లును విడిగా నిలబెట్టడానికి వాడే ఆ అదృశ్య అక్షరం అలవాటున్న మాకు ఇది చిన్న ఉపకారం కాదు.

ఇక మీ రెండో గుణం, గోరంతను కొండంత చేయడం. ఒక్క సెమీకోలన్ పోతే తెర నిండా ఎర్రర్లు. మొదటిది నిజం, మిగిలినవన్నీ దాని సంతానం. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1970లలో రాసిన, వ్యాకరణం ఇస్తే పార్సర్‌ను పుట్టించే యాక్‌లో ఒక పద్ధతి ఉంది: ఒక ఎర్రర్ చెప్పాక వరుసగా మూడు టోకెన్లు సజావుగా సాగేవరకు మరో ఎర్రర్ గురించి నోరెత్తకూడదు. అదే యాక్ నోటికి వచ్చే డిఫాల్ట్ సందేశం మాత్రం ‘సింటాక్స్ ఎర్రర్’ అనే రెండు మాటలే. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల కంపైలర్ (ప్రోగ్రాంను యంత్రం నడిపే రూపానికి మార్చేది) క్లాంగ్ ఇంకో దారి పట్టింది: 20 ఎర్రర్లు దాటితే ఇక చాలు అని దానంతటదే ఆగిపోతుంది. ఇది మందు కాదు, నోటికి అడ్డుపెట్టిన చెయ్యి. మరో కంపైలర్ జీసీసీ అయితే యాక్ లాంటి పనిముట్లు పుట్టించిన పార్సర్లతో వేగలేక, 2004లో సీ ప్లస్ ప్లస్‌కు, 2006లో సీ భాషకు చేత్తో రాసిన పార్సర్‌ను తెచ్చుకుంది.

కొందరు మిమ్మల్ని ఎగతాళి చేస్తారు. సెమీకోలన్ లేదని అంత కచ్చితంగా తెలిస్తే తమరే పెట్టుకోవచ్చు కదా అని. నేను ఆ బాపతు కాదు. దయచేసి పెట్టకండి. జావాస్క్రిప్ట్‌లో రిటర్న్ అని రాసి, లైను మార్చి విలువ రాస్తే మీరు అడక్కుండానే రిటర్న్ పక్కన సెమీకోలన్ పెట్టేసి, ఆ విలువను గాలికి వదిలేస్తారు. ఎర్రర్ అనే మాటే ఉండదు. మీ ఉపకారం మీ కోపం కన్నా ప్రమాదం. అయితే ఉపకారం చేసి చెప్పడం కూడా ఒక పద్ధతే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1970లలో పీఎల్/సీ అనే కంపైలర్ ఉండేది. ప్రోగ్రాం పొడిచిన కార్డుల కట్ట ఇచ్చి ఫలితం కోసం కాచుక్కూర్చునే రోజులవి. అది తప్పు కనబడితే తానే దిద్ది, ఏం దిద్దిందో అచ్చువేసి చూపించి, ప్రోగ్రాంను నడిపించేది. మీ పూర్వీకులకు అవతలి మనిషి సమయం విలువ తెలుసన్నమాట.

మా వైపూ ఒక భాగోతం ఉంది. రస్ట్ అనే భాష కంపైలర్ వాళ్ళు ప్రతి ఎర్రర్ సందేశాన్నీ, బాణాలతో సహా, ఒక ఫైలులో దాచి అక్షరం అక్షరం పోల్చుకుంటారు. ఇది గొప్ప పద్ధతి. కానీ సందేశం మారి టెస్టులు ఫెయిల్ అయితే ‘బ్లెస్’ అనే ఆప్షన్ ఒకటి ఉంది. అది ఇస్తే, మీరు ఇప్పుడు ఏం వాగారో అదే ప్రామాణికమై కూర్చుంటుంది. మార్పును కళ్ళు పెట్టి చదివేవాడికి ఇది వరం, చదవకుండా ఆప్షన్ కొట్టేవాడి చేతిలో మీ పాపాలన్నీ కడిగేసే తీర్థం. క్లాంగ్ టెస్టుల్లో తప్పు ఉన్న లైను దగ్గరే కామెంటులో ఏ ఎర్రర్ రావాలో రాస్తారు. రాకపోయినా ఫెయిలే, రాయని ఎర్రర్ మరొకటి వచ్చినా ఫెయిలే. నన్నడిగితే మీకు కావలసిన కాపలా ఇది.

కనుక ఇకనుంచి నా తరహా మారుతోంది. సరైన ప్రోగ్రాం ఒకటి తీసుకుని, ఒక్కొక్క టోకెన్ ఊడబీకి ఒక్కొక్క టెస్టుగా పంపుతాను. అదే ప్రోగ్రాంను ప్రతి అక్షరం దగ్గరా నరికి, ఆ మొండేలనూ పంపుతాను. ఎర్రర్ నుంచి కోలుకునే క్రమంలో ఒక్క టోకెనూ ముందుకు జరగకుండా అక్కడక్కడే గిరగిరా తిరిగే జబ్బు మీకు ఉంది, అది బయటపడేది ఈ మొండేల దగ్గరే. మొదట్లో ఒక తప్పు, చివర్లో దానితో సంబంధం లేని ఇంకో తప్పు పెడతాను. సరిగ్గా రెండే చెప్పాలి. ఒకటి చెప్పి కూర్చున్నా, ముప్ఫై చెప్పినా ఫెయిల్. ‘కాదన్నాను కదా’ అంటే ఇక కుదరదు.

ఇట్లు,
తప్పులు రాయడమే వృత్తిగా గల ఒక టెస్టర్

జత చేసినది: ఎడమ బ్రాకెట్లు తప్ప మరేమీ లేని ఫైలు ఒకటి. ఇలాంటివి వస్తాయని పైథాన్ టోకెనైజర్ 200 లోతుకు, క్లాంగ్ 256 లోతుకు ముందే హద్దు గీసుకున్నాయి. హద్దు లేని మీ అవతారాలు కొన్ని స్టాక్ (ఎంత లోతుకు దిగారో గుర్తుంచుకునే మెమరీ) నిండిపోయి, ఒక్క మాటైనా చెప్పకుండా కుప్పకూలుతుంటాయి. తప్పు ఏ లైనులో ఉందో వెతికే శ్రమ ఈసారి మీకు లేదు. ఫైలులో ఉన్నదే ఒక్క లైను.