కాలిన మోటరును తూకానికి వేసేముందు ఒకసారి చదవండి

అనంతపురం జిల్లాలో ఏ మండల కేంద్రానికి పోయినా కాలిన మోటర్లకు కొత్త రాగి తీగ చుట్టే వైండింగ్ షాపులు నాలుగైదుంటాయి. మార్చి దాటిందంటే ఆ షాపుల ముందు బోరు నీళ్ళలో మునిగి ఆడే సబ్‌మెర్సిబుల్ మోటర్లు వరసగా పడుకోబెట్టి కనిపిస్తాయి. మోటరు విప్పగానే చాలా చోట్ల జరిగేది ఒకటే. కాలిన తీగను ఉలితో కోసి, లాగి, గోతంలో వేసి పాత రాగి తూకానికి పక్కన పెడతారు. రైతు గడప దగ్గరే నిలబడి "ఎప్పుడిస్తావన్నా, చెట్లు ఎండిపోతాండాయి" అంటుంటాడు. పది నిమిషాల్లో స్టేటరు, అంటే తీగ చుట్టి ఉండే బయటి ఇనుప భాగం, ఖాళీ. ఆ మోటరు ఎందుకు కాలిందో చెప్పే సాక్ష్యం మొత్తం కిలోల లెక్కన పాత సామాను కొట్టుకు పోతుంది. నా బాధంతా దీని మీదే.

ఈ షాపుల్లో పనిచేసే పిల్లోళ్ళను ఎవర్నడిగినా "రోజూ ఇదే పని, ఇందులో ఏముందన్నా నేర్చుకోడానికి" అంటారు. వాళ్ళకు ఉపన్యాసాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు: చేసే పనిని ప్రేమించు, పనే దైవం అనుకో అని. రోజుకు పది గంటలు కింద కూర్చుని స్టేటరు గాడుల్లోకి (స్లాట్లలోకి) తీగ దూర్చేవాడికి ఆ మాటలు ఏ పనికొస్తాయి? ప్రేమించమంటే ప్రేమ రాదు. చేసిన పనిని మళ్ళీ చూసుకోవడం, రాసిపెట్టడం, నాలుగు నెలల తర్వాత అది నిజమో అబద్ధమో తేల్చుకోవడం మాత్రం ఎవరైనా చేయగలరు. పని మీద మమకారం, పనిలో ఎదుగుదల ఆ దారినే వస్తాయని నా గట్టి నమ్మకం. "చేసేకొద్దీ అదే వస్తుందిలే" అన్నది సగం మాటే. చేసేకొద్దీ చేతికి వేగం వస్తుంది. మోటరు ఎందుకు కాలిందో చెప్పే తెలివి చేతికి రాదు, చూసే కంటికి రావాలి.

ఏం చూడాలో వివరంగా చెప్తాను. ఒక్క తీగ కోయకముందు కాలిన తీరు చూడండి. మోటరుకు కరెంటు మూడు ఫేజుల్లో, అంటే మూడు లైన్లలో వస్తుంది; లోపలి కాయిళ్ళను వాటికి కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్ మోటర్లో రెండు ఫేజుల కాయిళ్ళు నల్లబడి, మూడోది కొత్త తీగలా మెరుస్తూ ఉంటే లైన్లో ఒక ఫేజు పోయి మోటరు రెండింటి మీదే ఆడిందని అర్థం. డెల్టా అయితే తిరగేసి చూడాలి: ఒక ఫేజు కాలి, రెండు బాగుంటాయి. ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు తెచ్చే 11 కె.వి. లైను వైపు ఫ్యూజు పోతే ఈ లెక్క కూడా తారుమారవుతుంది, అప్పుడు స్టార్ మోటర్లోనూ ఒక్క ఫేజే ఎక్కువ దెబ్బ తింటుంది. కండెన్సరు తగిలించి రెండు ఫేజుల మీద నడిపే అలవాటున్న ఊళ్ళ మోటర్లయితే ఫేజు పోయే కాలిందని దాదాపు చూడక్కర్లేకుండానే చెప్పొచ్చు.

మూడు ఫేజులూ సమానంగా మాడి ఉంటే ఫేజు పోయిన కేసు కాదు. బరువు ఎక్కువై ఉండాలి, వోల్టేజి చాలాకాలం తక్కువై ఉండాలి, లేదా మోటరు వేడిని లాక్కుపోయే నీళ్ళు బోరులో లేకుండా పోయి ఉండాలి. ఈ మూడింట్లో ఏదన్నది మోటరు చెప్పదు, పంపు చెప్తుంది. ఇంపెల్లర్లు (నీళ్ళను పైకి నెట్టే రెక్కల చక్రాలు), బుష్‌లు (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు) కరిగి అతుక్కుపోయి ఉంటే డ్రై రన్, అంటే నీళ్ళు లేకుండా ఆడింది. బుష్‌లు గీకినట్టు అరిగి, సందుల్లో ఇసుక ఇరుక్కుని ఉంటే బోరు ఇసుక పోస్తోంది. పంపు శుభ్రంగా ఉంటే వోల్టేజిని అనుమానించాలి. అందుకే మోటరు ఒక్కటే ఊడదీసి తెచ్చి, పంపు చేను గట్టున వదిలేసి వస్తే సగం కథే వచ్చినట్టు.

ఇక ఒక్క కాయిల్లో ఒక్కచోట మాత్రమే చిల్లి పడినట్టు కాలి, చుట్టుపక్కలంతా బాగుంటే? స్లాటు లోపలికి నెట్టేటప్పుడు తీగ పైపొర గీసుకుపోయి ఉంటుంది, చుట్టుకూ చుట్టుకూ షార్టు. స్లాటు అంచు దగ్గర బాడీకి తగిలి కాలితే అక్కడి ఇన్సులేషన్ చిరిగిందన్నమాట. కంపెనీ వైండింగ్ కాక షాపు వైండింగ్ అయితే ఈ రెండింటినీ రైతు ఖాతాలోనో కరెంటోళ్ళ ఖాతాలోనో వేయడానికి లేదు. అవి మన చేతి తప్పులు. అసలు పాఠం దాగుండేది ఇక్కడే, ఎక్కువగా పారేసేదీ దీన్నే.

తీగ కోసేటప్పుడు కొలతల విషయంలో జరిగే తొందర ఇంకో బాధ. ఒక్క కాయిల్ చుట్లు లెక్కబెట్టి మిగతావీ అంతే అనుకుంటారు. కనీసం మూడు కాయిళ్ళు వేర్వేరు చోట్ల లెక్కబెట్టాలి, ఎందుకంటే అంతకుముందు చుట్టినవాడే తప్పు చుట్టి ఉండొచ్చు. ఆ తప్పును మనం భద్రంగా నకలు చేస్తాం. గేజి (తీగ మందానికి పెట్టిన నంబరు) కొలిచేముందు పైపొర తీసేసి రాగిని మాత్రమే మైక్రోమీటరుతో కొలవాలి. 20 గేజి తీగ మందం 0.914 మిల్లీమీటర్లు, 21 గేజిది 0.813. చేతిలో పట్టుకుంటే తేడా తెలీదు. కానీ 20 బదులు 21 వేస్తే రాగి అడ్డుకోత ఐదో వంతు తగ్గి, రెసిస్టెన్స్ నాలుగో వంతు పెరుగుతుంది. అదే కరెంటుకు తీగలో పుట్టే వేడి కూడా అంతే పెరుగుతుంది. ఇన్సులేషన్‌కు ఓర్చుకోగల వేడిని మించి ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో పాత లెక్క ఉంది. "స్టాకులో ఆ గేజి లేదు, దగ్గర్లోది వేశాను" అనే మాట వెనక ఇంత ఉంది. చుట్లు తగ్గిస్తే కోరు (తీగ చుట్టిన ఇనుము) తట్టుకోలేక ఖాళీగా తిరిగినా ఎక్కువ కరెంటు లాగుతుంది. 10 శాతం పెంచితే తిప్పే బలం ఆరో వంతుకు పైగా పడిపోతుంది, వోల్టేజి తక్కువున్న ఊళ్ళో ఆ మోటరు లేవడానికే మూలుగుతుంది.

ఇవన్నీ తెలిసినవాళ్ళు మన షాపుల్లో లేరని కాదు. తెలిసింది ఒకచోట నిలవడం లేదు, అదీ సంగతి. దానికి కావలసింది 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, రోజు చివర ఒక పది నిమిషాలు. మోటరుకు ఒక వరస. తేదీ, ఊరు, ఎన్ని హెచ్.పి., బోరు లోతు, పైపులు ఎంత లోతుకు దింపారు, కాలిన తీరు, చుట్లు, గేజి, దింపిన రోజు మూడు ఫేజుల ఆంపియర్లు. చివర్న రెండు గడులు తప్పకుండా ఉండాలి. ఒకటి "నా అనుమానం". రైతును అడగకముందే, పంపు విప్పకముందే, కాలిన తీగ ఒక్కటి చూసి రాయాలి. రెండోది "తేలింది". అది వారం తర్వాత నిండొచ్చు, ఆ మోటరు తిరిగొచ్చిన నాడు నిండొచ్చు. ముందు రాయకుండా తర్వాత చూసుకుంటే మనసు మోసం చేస్తుంది, "నేను అప్పుడే అనుకున్నా" అనేస్తుంది. రాసిన అనుమానం తప్పని తేలితే అది కాగితం మీద ఉంటుంది, దాన్ని తప్పించుకోలేం. మనిషి ఎదిగేది అక్కడే.

ఆంపియర్ల గడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంపు మీటరుతో మూడు ఫేజులూ చూశారు, 9.1, 9.5, 10.5 వచ్చాయనుకోండి. సగటు 9.7. సగటుకు అన్నిటికన్నా దూరంగా ఉన్నది 10.5, తేడా 0.8. దాన్ని 9.7తో భాగిస్తే 8 శాతం పైన. 5 శాతం దాటితే దింపేసి వచ్చేయకూడదు. స్టార్టరు దగ్గర మోటరు వైర్లు మూడింటినీ ఒకే వైపుకు ఒక్కో గడి జరిపి బిగించండి, తిరిగే దిక్కు మారదు. మళ్ళీ కొలవండి. ఎక్కువ రీడింగు అదే లైను మీద ఉండిపోతే లోపం కరెంటు వైపు ఉంది. వైరుతో పాటు జరిగితే మోటర్లోనో కేబుల్లోనో ఉంది. పావుగంట పని. ఈ పావుగంట పెట్టని షాపుకు మూడు నెలల తర్వాత అదే మోటరు మళ్ళీ వస్తుంది, "మోటరు మళ్ళా కాలిపోయిందప్పా" అంటూ అదే రైతు వస్తాడు, మధ్యలో లైన్‌మన్ మీద ఒక కొట్లాట జరుగుతుంది.

2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు అది పెద్ద ఊరట, దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ ఇంట్లో ఏదన్నా ఎక్కువ కరెంటు లాగితే బిల్లు పట్టిస్తుంది. చేను మోటరును పట్టించే బిల్లు లేదు, కాలిపోయేదాకా దాని జబ్బు ఎవరికీ తెలీదు. కాబట్టి ఆ మోటరు ఆరోగ్యం గురించి ఊళ్ళో ఎక్కడైనా ఒక కాగితం ఉందంటే అది వైండింగ్ షాపులో ఉండాలి. ఇంత పెద్ద బాధ్యత ఈ పనిలో ఉందని ఆ పిల్లోడికి ఎవరు చెప్పారు?

అమావాస్యకు పని ఆపే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. ఆ పూట ఒక గంట కూర్చుని నెల వరసలన్నీ చదవండి, మూడు నెలలకోసారి కారణాల వారీగా లెక్కెయ్యండి. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద నుంచి నాలుగు మోటర్లు, నాలుగూ సింగిల్ ఫేజింగ్ (ఒక ఫేజు పోవడం) అని కనబడితే ఆ నాలుగు వైండింగులు ఎంత బాగా చుట్టినా వృథా. ఆ కాగితం తీసుకుని లైన్‌మన్ దగ్గరికి పోవాలి. మనిషి లేకుండానే మోటరును ఆన్ చేసే ఆటోస్టార్టర్లు పెట్టిన చోట కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారి లేచి వోల్టేజి కుప్పకూలుతుంది, అదీ ఈ లెక్కలో దొరుకుతుంది. మే నెలలో చీనీ (బత్తాయి) తోటకు పది పదిహేను రోజులు నీళ్ళందకపోతే పిందె రాలిపోతుంది, కొత్త తోటలో చెట్టే పోవచ్చు. ఎకరానికి 110 చెట్ల చొప్పున, కాపుకు రావడానికే నాలుగైదేళ్ళు పట్టే తోట అది. వైండింగ్ పిల్లోడు ఆ తోటను చూడడు, స్టేటరును మాత్రమే చూస్తాడు. పుస్తకంలో ఊరి పేరు, రైతు చెప్పిన మాట రాసిన రోజు నుంచి తాను చేస్తున్నది తోటకు నీళ్ళు పెట్టే పనేనని అతనికి కనబడుతుంది. దీన్ని మించిన పరమార్థం ఆ పనికి నేను వెతకను.

ఈ పుస్తకం కూడా చెడిపోతుంది, ఎలా చెడుతుందో ముందే తెలుసుకోవడం మంచిది. అన్నింటికీ "కరెంటు బాగాలేదు" అని రాయడం మొదటి జబ్బు. ఒకే కారణం వరసగా ఐదుసార్లు వచ్చిందంటే చూడటం మానేశామని లెక్క. వారం రోజులవి ఒకేసారి గుర్తు తెచ్చుకుని రాయడం రెండోది, అవి అంకెలు కావు, ఊహలు. గడులు ఇరవై పెట్టి నాలుగో రోజు మానేసేవాళ్ళూ ఉంటారు. అన్నింటికన్నా పెద్ద జబ్బు యజమానిది: పుస్తకం తీసి "చూడు, నీ వల్ల ఎన్ని తిరిగొచ్చాయో" అని పిల్లోణ్ణి నలుగురి ముందు తిట్టడం, కూలి కోయడం. మరుసటి రోజు నుంచి ఆ పుస్తకంలో ఒక్క నిజం ఉండదు. తీగ గీసుకుపోయిందని తన చేత్తో తాను రాసిన పిల్లోడికి ఆ నెల పది రూపాయలు ఎక్కువ ఇవ్వాలి. ఈ మాట షాపు యజమానులకు రుచించదని తెలిసే రాస్తున్నాను.

ఇది వైండింగ్ వాళ్ళకే పరిమితం కాదు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్‌లో ఒక గరుకు రాయి దాటేసి నున్నటి రాయికి దూకితే పైన మెరుపు వస్తుంది, గీతలు లోపలే ఉండి ఏటవాలు వెలుగులో బయటపడతాయి. ఏ రాయితో ఎంతసేపు పట్టారో రాసుకుంటే తప్ప ఆ గీత ఎక్కడ పుట్టిందో తెలీదు. ధర్మవరం మగ్గం మీద ఒకే వరసలో దారం మళ్ళీ మళ్ళీ తెగుతుంటే అతికి ముందుకు పోవడం ఒక పద్ధతి, దారాలను విడిగా పట్టి ఉంచే అచ్చులో ఏ పంటి దగ్గర తెగుతోందో గుర్తు పెట్టడం ఇంకో పద్ధతి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేలలో వేరుశనగ వేసే రైతుకు విత్తిన తేదీ, ఊడలు దిగే దశలో ఎన్ని రోజులు వాన ఆగింది, ఎకరాకు 200 కిలోల జిప్సం వేశాడా లేదా, ఈ మూడూ గోడ క్యాలెండరు మీద రాసుంటే చాలు. వచ్చే ఏడు పక్క చేనువాణ్ణి చూసి విత్తే అవసరం ఉండదు.

పని నేర్పే పెద్దలకు ఒక మనవి. "చూసి నేర్చుకోరా" అని వదిలేయకండి. కొత్తగా చేరిన పిల్లోడితో మొదటి నెల తీగ చుట్టించకండి, కాలిన మోటర్లు చదివించండి, అనుమానం గడి వాణ్ణే నింపనివ్వండి. సబ్‌మెర్సిబుల్ మోటరును వైండింగ్ అయ్యాక రాత్రంతా నీళ్ళలో ఉంచి తెల్లారి ఇన్సులేషన్ గట్టిదనం కొలిచే 500 వోల్టుల మెగ్గరుతో చూసే పని వాడికే ఇవ్వండి. 1 మెగాఓం కన్నా తక్కువ చూపిస్తే అది బోరులోకి దిగకుండా ఆపే అధికారం కూడా ఇవ్వండి, బయట రైతు ఎంత తొందర పెట్టినా సరే. దింపేముందు మోటర్లో మంచినీళ్ళు నింపి, బుడగలు ఆగేదాకా ఉండి మళ్ళీ నింపడం వాడి బాధ్యత చేయండి. ఇది మరిచి దింపిన మోటర్లో నీళ్ళ మీద నడవాల్సిన థ్రస్ట్ బేరింగు (కిందికి పడే బరువును మోసే బేరింగు) ఒట్టిగా రాసుకుని పోతుంది.

రైతన్నలకు కూడా ఒక మాట. మోటరు ఆగిపోతే ఆటోలో వేసుకుని పరుగెత్తుకొచ్చే ముందు మూడు సంగతులు కనుక్కోండి: ఏ టైముకు ఆగింది, ఆ సమయానికి పక్క చేలల్లో మోటర్లు ఆడుతున్నాయా, ఆగేముందు నీళ్ళు తగ్గి గాలితో వచ్చాయా. పంపు కూడా తీసుకురండి. ఈ మూడు జవాబులూ షాపులో పిల్లోడికి చెప్పి, వాడు రాసుకునేదాకా ఐదు నిమిషాలు ఆగండి.