కుర్చీ మీది తెల్ల తువ్వాలు గారికి ఒక విన్నపం

మహారాజ రాజశ్రీ తెల్ల తువ్వాలు గారి దివ్యసముఖమునకు నమస్కరించి చేసుకొను మనవి.

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఈ సంబోధనకు తమరు అన్ని విధాలా అర్హులు. బిరుదులు ప్రదానం చేయరాదని రాజ్యాంగం 18వ అధికరణంలో నిషేధించినప్పుడు రావుబహద్దూర్ల పరంపరకు తిరిగి వచ్చే దారి మూసుకుపోయింది కాని, తమరు నూలువస్త్రం కనుక ఏ అధికరణానికీ చిక్కలేదు. 2006లో భారత బార్ కౌన్సిల్ 'మై లార్డ్'ను వలసపాలన అవశేషమంటూ వేరే సంబోధనలు సూచించింది. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 'హిజ్ ఎక్సలెన్సీ'ని తగ్గించుకున్నారు. 2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్ల మీద ఎర్రబుగ్గలూ దిగిపోయాయి. తమరు మాత్రం అధికారి కుర్చీ దిగలేదు.

తమ కటాక్షం ఎంతటిదో పదవీ విరమణ చేసినవారికే బాగా తెలుస్తుంది. ముప్ఫయ్యో తేదీ సాయంత్రం దాకా ఎవరు గదిలోకి వస్తే సెక్షనంతా లేచి నిలబడిందో, ఆయనే మరుసటి వారం పెన్షను కాగితాల కోసం వస్తే "సార్ మీటింగులో ఉన్నారు, బయట కూర్చోండి" అని వినవలసి వస్తుంది. ఇన్నాళ్లూ నమస్కారాలు అందుకున్నది తాను కాదని, వీపు వెనుక ఉన్న తమరని ఆయనకు అప్పుడు బోధపడుతుంది.

ఇక మన కార్యాలయ మర్యాద కింది నుంచి పైకే ప్రవహించే విచిత్రమైన నీరు. అర్జీదారుడు "గౌరవనీయులైన అధికారి గారి దయార్ద్ర పరిశీలనార్థం" అని మొదలుపెట్టి "తమ విధేయుడు" అని ముగిస్తే, నెలల తరువాత "అర్జీదారునికి తెలియజేయడమేమనగా, దరఖాస్తు తిరస్కరించడమైనది" అని జవాబు వస్తుంది. పంపిన నాలుగు 'గారు'లలో ఒక్కటీ తిరిగి రాదు. (అవి ఏ బీరువాలో భద్రంగా ఉన్నాయో సమాచార హక్కు చట్టం కింద అడగవలసి ఉంది.) నిరుడు ఉద్యోగంలో చేరిన కుర్రవాడు పాతికేళ్ల సర్వీసున్న అటెండరును "ఏయ్, నువ్వు" అంటాడు, ఆ అటెండరు అతణ్ణి "అయ్యగారూ" అంటాడు. తమరిని ప్రతి సోమవారం ఉతికించి తెచ్చి, మడత చెడకుండా పరిచేదీ ఆ అటెండరే.

కాబట్టి తమరు దయయుంచి ఒక్క నెలపాటు అతని స్టూలు మీదికి డెప్యుటేషనుపై వెళ్లవలసిందిగా ప్రార్థన. టి.ఎ., డి.ఎ.లు నిబంధనల మేరకు చెల్లించబడును.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక అర్జీదారుడు

ప్రతి: సమాచార నిమిత్తం, విశ్రాంత ఎర్రబుగ్గ గారికి.