ఇప్పుడు అర్థమైందా?

జోకు పేలకపోతే దాని అర్థం విప్పి చెప్పే మహానుభావుణ్ణి దగ్గరగా చూసే భాగ్యం నాకు దక్కింది. ఆయన మా పై అధికారి కాబట్టి పారిపోయే భాగ్యం మాత్రం దక్కలేదు.

బిగపట్టి ఎదురుచూస్తున్నది ఉన్నట్టుండి ఏమీ లేకుండా తేలిపోతే నవ్వొస్తుందని జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లో రాశాడు. మా సారు దాన్ని ఇంకాస్త సులువు చేశారు. ఎదురుచూపు తీసేశారు, ఏమీ లేకపోవడం ఒక్కటే ఉంచారు.

మీటింగులో జోకు పడుతుంది. నిశ్శబ్దం. "అంటే ఏంటంటే..." అని సారు అందుకుంటారు. ప్రతిపదార్థం అవుతుంది, తాత్పర్యం మొదలవుతుంది. ఇక్కడికి ఆపుతారేమోనని మేమంతా నవ్వేస్తాం. అదే మా తెలివితక్కువతనం. బాగా నచ్చిందనుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ మొదటినుంచి చెబుతారు. ఈసారి బోర్డు మీద, బాణం గుర్తులతో సహా. అందరికన్నా గట్టిగా నవ్వేది కూడా ఆయనే. అందులో ఆయన తప్పేం లేదు లెండి. మామూలు కబుర్లలో వినేవాళ్లకన్నా చెప్పేవాళ్లే ఎక్కువ నవ్వుతారని రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతామనీ చెప్పాడు. పాపం, ఇంక్రిమెంట్లకు ముందు మా మీటింగుకొచ్చి ఉంటే ఆ 30 ఏ మూలకు?

మొన్న మాత్రం సారు జోకుకు వివరణ అవసరం పడలేదు. కొత్తగా చేరిన కుర్రాడికి కాస్త నత్తి. అతను లేచి రిపోర్టు చెబుతుంటే సారు అదే నత్తితో బదులిచ్చారు. గది ఘొల్లుమంది. ఎదుటివాడి లోపం చూసి, మనమే గొప్పని చప్పున పొంగిపోవడమే నవ్వు అని ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్ 17వ శతాబ్దంలోనే అన్నాడు. కుర్రాడు తల దించుకున్నాడు. "సరదాకన్నానయ్యా, జోకును జోకులా తీసుకోవాలి" అన్నారు సారు.

ఎవరికయ్యా సరదా? ఒక్క మాట గొంతు దాటడానికి రోజూ యుద్ధం చేసేవాడు నీకు కాలక్షేపమా? కొట్టిందీ నువ్వే, ఏడవడం తెలియదని వెక్కిరించేదీ నువ్వేనా? నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ నాలుగూ ఎప్పుడూ నవ్వులపాలైనవాడి నెత్తినే ఎందుకు పడతాయి? ఆ రోజు గదిలో నవ్విన గొంతుల్లో నాదీ ఉంది. ఇంక్రిమెంటు ఇంకా రాలేదు మరి.

కుర్రాడు ఇప్పుడు రిపోర్టులన్నీ మెయిల్‌లోనే పంపుతున్నాడు. రేపటి మీటింగు కోసం సారు బోర్డు తుడిపించారు.