భూసేకరణ వద్దంటే కొల్లేరు పట్టాదారుకు ఒరిగేదేమిటి?

కొల్లేరు మాట వచ్చినప్పుడల్లా ఫోన్లలో ఒకే వాదన తిరుగుతుంది. పక్షుల పేరు చెప్పి ప్రభుత్వం రైతుల భూములు లాగేసుకుంది. అభయారణ్యాన్ని ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) నుంచి మూడో కాంటూరుకు (మూడడుగుల గీతకు) కుదిస్తే ఎవరి భూమి వాళ్లకొస్తుంది. ఆ రెండడుగుల మేర ఎలాగూ నీళ్లుండవు. అసలు పర్యావరణం కోసం భూమి సేకరించే అధికారమే ప్రభుత్వానికి ఉండకూడదు. ఇదీ దాని సారాంశం. ఎన్నికల ముందు దీనికి కాస్త గొంతు పెరుగుతుంది. రైతు బాధ నిజం కాబట్టే ఇది చదివితే నమ్మబుద్ధేస్తుంది. కానీ ఆ బాధకు చెబుతున్న కారణమూ తప్పే, చూపిస్తున్న మందూ తప్పే.

ముందు ఆ "లాగేసుకుంది" సంగతి. 1999 అక్టోబరులో వచ్చిన జీవో 120 సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. ఎకరాల్లో 77 వేల పైచిలుకు. ఇందులో జిరాయితీ, అంటే రైతుల సొంత పట్టా భూమి, సుమారు 15 వేల ఎకరాలు. గీత గీశారు గానీ ఆ జిరాయితీకి డబ్బు కట్టి తీసుకోలేదు. పాతికేళ్లు దాటినా పట్టాదారులు పరిహారం అడుగుతూనే ఉన్నారు. లాగేసుకోవడం కంటే ఇది ఘోరం. ఎందుకంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి మీద వారసత్వంగా తప్ప కొత్తగా ఎవరికీ హక్కు రాదు. పట్టా మీ పేరునే ఉంటుంది, కానీ అమ్ముదామంటే కొనేవాడికి హక్కు రాదు. కూతురి పెళ్లికి ఎకరం తెగనమ్ముదామన్నా దారి లేదు. పోతే కొడుక్కి వస్తుంది, అంతే.

ఈ చిక్కు తీర్చడానికి చట్టంలోనే దారులున్నాయి. 24వ సెక్షన్ కింద కలెక్టర్ ఆ భూమిని అభయారణ్యం హద్దుల్లోంచి మినహాయించవచ్చు, సేకరించవచ్చు, లేదా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ను సంప్రదించి రైతు హక్కును కొనసాగనివ్వవచ్చు. ఇదంతా "సాధ్యమైనంత వరకు" రెండేళ్లలో ముగించాలని 25ఏ చెబుతుంది. ఆ వెంటనే, ముగించకపోయినా నోటిఫికేషన్ రద్దు కాదని కూడా చెబుతుంది. రైతు ఇరుక్కున్నది సరిగ్గా ఇక్కడ. ఆలస్యం చేసిన ప్రభుత్వానికి నయాపైసా నష్టం లేదు. అదే సేకరణ జరిగి ఉంటే? 2013 భూసేకరణ చట్టం ప్రకారం పల్లె భూమికి మార్కెట్ విలువను రెండింతల వరకు లెక్కగట్టి, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోయినందుకు అదనపు పరిహారం, ఇవ్వాలి. అమ్మకాలే లేని చోట మార్కెట్ విలువ ఎలా కడతారని రైతు పోట్లాడాల్సి వస్తుంది, అది వేరే తలనొప్పి. కనీసం పోట్లాడటానికి ఒక ఫైలంటూ ఉంటుంది.

ఇక మూడో కాంటూరు. 2008లో శాసనసభ కుదింపు కోరుతూ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించొద్దని తేల్చింది. అభయారణ్యం హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలి, తీర్మానం ఒక్కటే చాలదు. సరే, అవన్నీ దాటి కుదించారనే అనుకుందాం. మూడో కాంటూరుకు వస్తే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లు. బయటపడేది 170కి పైగా, అంటే 42 వేల ఎకరాల మాట. జిరాయితీ మొత్తం ఆ పట్టీలోనే ఉందనుకున్నా 15 వేలు పోగా మిగతా 27 వేల ఎకరాలు ఎవరివి? ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ తీసివేత చేయరు.

ఆ 27 వేల ఎకరాలు ఎటు పోతాయో ఊహించడానికి 1976 తర్వాతి కథ చాలు. పేదల సహకార సంఘాలకని ప్రభుత్వమే చేపల చెరువులు తవ్వించింది. కొన్నేళ్లకే లీజుల మీద అవి పెద్ద ఆసాముల చేతుల్లోకి పోయాయి. పొక్లెయిన్‌తో సరస్సు మట్టే తీసి సరస్సులోనే గట్టు పోస్తారు. ఇంజన్లు పెట్టి నీళ్లు తోడతారు. వెదురు గెడలకు చిల్లులు పొడిచిన తవుడు బస్తాలు వేలాడతాయి, శీలావతి, బొచ్చె వచ్చి పొడుచుకు తింటాయి. వ్యాపారం మంచిదే, లాభమూ ఉంది. కానీ గట్టు లోపలికి దోనె పోదు, వల పడదు. 2006లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి కొట్టించింది ఇలాంటి గట్లనే. వాటిని నమ్ముకున్న కూలీలూ అప్పుడు నష్టపోయారు, నిజమే. దానికి జవాబు పునరావాసం, లీజుదారుకు సరస్సు రాసివ్వడం కాదు.

నీళ్లుండవనేవాళ్లు ఏప్రిల్ ఫొటో చూపిస్తారు. సెప్టెంబరులో తీసిన ఫొటో కూడా పెట్టాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ కొల్లేట్లోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు అన్ని, పోయే దారి ఒకటి అయినప్పుడు వరద కాసేపు ఎక్కడో ఒకచోట నిలవాలి. ఐదో కాంటూరు దాకా ఉన్న పల్లం అందుకే. అక్కడ గట్లు పోస్తే నీరు వెనక్కి ఎగదన్ని పొలాల మీద పడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది ఈ బుడమేరే. ఆ మునకకు గండ్లు, కట్ట మీద ఆక్రమణలు వగైరా వేరే కారణాలున్నాయి, అంతా కొల్లేరు మీదకు తోసేయను. కానీ ఆ ఏరు చివరికి చేరే చోటును ఇంకా ఇరుకు చేద్దామనే ధైర్యం మాత్రం నాకు లేదు.

చివరగా, సేకరణ అధికారమే వద్దనే వాదన. ఉప్పలపాడులో, తేలినీలాపురంలో జనం తమంతట తాము పక్షుల్ని కాపాడుకుంటున్నారుగా అంటారు. గూడబాతులు వాలే చెట్టు కొట్టకుండా ఉండటం ఊరి చేతిలో పని, ఆ ఊళ్లకు దండం పెట్టాలి. అయితే వేల ఎకరాల్లో నీటిమట్టం ఒక ఊరి మాట వినదు, పై రైతు గట్టు తీస్తే కింది రైతు పొలం తడుస్తుంది. హైవేకీ విమానాశ్రయానికీ భూమి తీసుకుంటే అభివృద్ధి, వరద నిలిచే పల్లానికి డబ్బిచ్చి తీసుకుంటే దౌర్జన్యం ఎలా అయిందో కూడా నాకు అర్థం కాదు.

పరిమితులు నిజంగా పెట్టాలనుకుంటే 25ఏలోని ఆ "సాధ్యమైనంత వరకు" మీద పెట్టాలి. రెండేళ్లు దాటాక జిరాయితీ రైతుకు ఏటా ఎకరానికి కౌలు లెక్కన ప్రభుత్వం కట్టాలి, సేకరిస్తారో వదిలేస్తారో సర్వే నంబరు వారీగా రాసివ్వాలి. ఇది అడగడానికి ఏ కాంటూరూ మార్చనక్కర్లేదు.