శ్రీ 1.7 గారి సముఖానికి

మహారాజశ్రీ 1.7 గారికి,

తిరుపతి నుంచి ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసుకునే మనవి. ఇక్కడ అంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. గోవింద నామాల తర్వాత ఈ ఊళ్లో ఇంటర్ పిల్లలు అంత భక్తిగా వల్లించేది తమరినే. బైరాగిపట్టెడ హాస్టల్ గదుల్లో, మంచం పక్క గోడ మీద, అమ్మ ఇచ్చి పంపిన స్వామి పటానికి కాస్త కిందుగా, ఎర్ర సిరాతో గీసిన డబ్బాలో తమరు కొలువై ఉంటారు: ‘ఋణవిద్యుదాత్మకతల తేడా 1.7 దాటితే అయానిక బంధం, దాటకపోతే సమయోజనీయ బంధం.’ ఋణవిద్యుదాత్మకత అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాక్కునే శక్తి. ఎలక్ట్రాన్లు ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లిపోతే అయానిక బంధం, ఇద్దరూ పంచుకుంటే సమయోజనీయ బంధం.

ఎంత సుళువైన న్యాయస్థానం! వాది లేడు, సాక్షి లేడు. పట్టికలో రెండు అంకెలు చూసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే తీర్పు వచ్చేస్తుంది. సోడియం 0.93, క్లోరిన్ 3.16, తేడా 2.23. కనుక ఉప్పు అయానిక పదార్థం. భేష్! ఉప్పు సంగతి తమరు చెప్పకముందే లోకానికి తెలుసు కాబట్టి పేచీ లేదు.

పేచీ మొన్నటి మాదిరి పరీక్షలో వచ్చింది. ప్రశ్న హైడ్రోజన్ ఫ్లోరైడ్ మీద. ఫ్లోరిన్ 3.98, హైడ్రోజన్ 2.20, తేడా 1.78. ఒక పిల్లవాడు అయానికం అని గుర్తు పెట్టాడు. నేను కాదన్నాను. వాడు జవాబుల కాగితం తీసి, వేలు పెట్టి చూపించాడు. ‘కీలో అయానికమనే ఉంది సార్’ అన్నాడు. ఆ గొంతులో ధిక్కారమేమీ లేదు, జాలి మాత్రం ఉంది.

అయ్యా, తమరు అయానికమని ముద్ర కొట్టిన ఆ పదార్థం 19.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. అంటే చలికాలం తెల్లవారుజాములు తప్పిస్తే తిరుపతిలో అది వాయువుగానే ఉంటుంది. తేడా 1.22 మాత్రమే కదా అని తమరు సమయోజనీయం గుంపులోకి నెట్టేసిన లిథియం హైడ్రైడేమో ఉప్పు కట్టుకునే స్ఫటిక జాలకమే, అంటే కణాల క్రమమైన అల్లికే, తానూ కట్టుకుని, కరగడానికి సుమారు 690 డిగ్రీలు కావాలంటుంది. కరిగించి విద్యుత్తు పంపితే హైడ్రోజన్ ఆనోడ్, అంటే ధనధ్రువం దగ్గర బయటపడుతుంది. ఋణావేశం ఉన్న హైడ్రైడ్ అయానే లేకపోతే ధనధ్రువం దాకా నడిచి వెళ్లిందెవరు? బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో తేడా 1.94, సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌లో 2.08. రెండూ మామూలు వేడిమిలో వాయువులే. ఒక బంధంలో ఎలక్ట్రాన్లు ఎటు ఎంత ఒరిగాయన్నది ఒక సంగతి. ఆ పదార్థం విడివిడి అణువులుగా ఉందా, అంతులేని జాలకంగా ఉందా అన్నది వేరే సంగతి. తమరి దగ్గర ఉన్నది ఒకటే ముద్ర. రెండిటికీ అదే వేస్తారు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు పిల్లలకు ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. 1932లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బంధ శక్తులను సరిపోల్చాడు. హైడ్రోజన్ అణువును విడగొట్టడానికి మోల్‌కు 436 కిలోజౌళ్లు, క్లోరిన్ అణువుకు 243. సగటు దాదాపు 340. కానీ హైడ్రోజన్ క్లోరైడ్ బంధం 431 అడుగుతుంది. ఆ పైన వచ్చిన 91 ఎక్కడిది? ఎలక్ట్రాన్లు క్లోరిన్ వైపు ఒరగడం వల్ల బంధానికి వచ్చిన అదనపు బలం. దాన్ని ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చి వర్గమూలం తీస్తే సుమారు 0.97 వస్తుంది. పట్టికలో ఆ రెంటి తేడా 0.96. చక్కని పని! అయితే ఈ లెక్క తేడాలనే ఇస్తుంది. ముందు ఒక మూలకానికి ఏదో ఒక విలువ అనుకుంటే గాని మిగతావాటికి అంకెలు రావు. అంత సున్నితంగా పుట్టిన కొలత అది.

అదే పౌలింగ్ తేడాను బట్టి అయానిక స్వభావం ఎంత శాతమో అంచనా కట్టే సూత్రం కూడా ఇచ్చాడు. దాంట్లో తమరిని పెడితే 51 శాతం వస్తుంది. తమరి ఘనత అంతా అంతే: సగానికి సగం. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు ఆ సూత్రం 55 శాతం అంటుంది. ద్విధ్రువ భ్రామకం (అణువులో ఆవేశాలు ఎంతగా విడివడ్డాయో చెప్పే రాశి) కొలిచి లెక్కగడితే 41 శాతమే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాడికి ఫలానా మెట్టు దాకా ఊరు, ఆ పై మెట్టు నుంచి కొండ అని రాయి పాతి చూపించినట్టుంది తమరి వ్యవహారం. పైగా తమరికి దాయాదులు కూడా ఉన్నారు. కొన్ని పుస్తకాల్లో 1.8 గారు, కొన్నిట్లో 2.0 గారు సింహాసనం మీద కూర్చున్నారు. పుస్తకం మారితే బంధం మారిపోతుందన్నమాట!

ఇక ఇత్తడి. గోవిందరాజస్వామి గుడి దగ్గర పాత్రల దుకాణంలో ఒక చెంబు చేతికి తీసుకోండి. రాగి 1.90, జింకు 1.65, తేడా 0.25. తమరి శాసనం ప్రకారం సమయోజనీయం. మరి దాన్ని సుత్తితో కొడితే పగలకుండా సొట్ట ఎందుకు పడుతోంది? దాని ఎలక్ట్రాన్లు ఏ ఇద్దరి మధ్యా కట్టుబడి ఉండవు, లోహమంతా తిరుగుతాయి. తేడాతో పాటు సగటు కూడా చూడాలండీ. తేడా తక్కువై సగటు ఎక్కువైతే ఆక్సిజన్ లాంటి అణువు, తేడా తక్కువై సగటు కూడా తక్కువైతే లోహం. 1940లలోనే డచ్చి శాస్త్రవేత్తలు వాన్ ఆర్కెల్, కెటెలార్ అయానిక, సమయోజనీయ, లోహ బంధాలను ఒక త్రిభుజం మూడు మూలల్లో పెట్టి, మధ్యలో జాగా మిగిల్చారు. అసలు పదార్థాల్లో చాలా వాటి కాపురం ఆ మధ్యలోనే. హాస్టల్ గోడ మీద ఆ బొమ్మకు చోటు లేదు, డబ్బా అంతా తమరే ఆక్రమించారు.

తమరిని పూర్తిగా వెళ్లగొట్టమని నేను అడగను. ‘ఉజ్జాయింపు’ అనే బిళ్ల మెడలో వేసుకుని, బల్ల చివర కూర్చుంటే చాలు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. ఇదంతా ఓపికగా విని, ఆ పిల్లవాడు పుస్తకం మూస్తూ అడిగాడు: ‘బాగా అర్థమైంది సార్. అసలు పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే ఏది గుర్తు పెట్టమంటారు?’ తప్పుకు ఒక మార్కు కోత కూడా ఉందట. తిరుగు టపాలో జవాబు దయచేయించగలరు.

చిత్తగించవలెను.