గడప దాటనివ్వాలా, వద్దా?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మే 1న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వులో 65 దాటినవాళ్లు తప్పనిసరి అవసరాలకు, వైద్యానికి తప్ప ఇంట్లోనే ఉండాలని రాశారు. కొన్ని అపార్ట్‌మెంట్లు ఆ ‘తప్ప’ను పక్కనపెట్టి గేటుకు తాళమే వేశాయి. ఈ వాదన దాని మీదే.

ప్రతిపాదన: మళ్లీ అలాంటి రోజులొస్తే ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు గడప దాటకూడదు, వాళ్ల ఇంట్లోకి ఎవరూ వెళ్లకూడదు, ఏదైనా తలుపు దగ్గరే పెట్టాలి. అనుకూలంగా మాట్లాడేది విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ. వ్యతిరేకంగా, ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే రిటైర్డ్ స్టాఫ్ నర్సు.

సెక్రటరీ: అడుసు తొక్కనేల, కాలు కడగనేల సిస్టర్? డెబ్బై రెండేళ్ల పెద్దాయన, బీపీ, షుగర్, ఇంట్లో రెండో మనిషి లేరు. కొడుకు న్యూజెర్సీలో. మార్చి 22 తర్వాత అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. అంటే ఆరు వారాలకు పైగా కొడుకు రావాలన్నా రాలేడు. జబ్బు చేసి ఆస్పత్రిలో చేరితే అప్పట్లో కోవిడ్ వార్డులో పక్కన మనిషిని ఉండనిచ్చేవాళ్లు కాదు. కాబట్టి రాకుండా చూసుకోవడమే మందు. ఒక్క మనిషికి నెలకు ఏం కావాలి? ఆరు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, రోజుకు అరలీటరు పాలు, వారానికి రెండు కిలోల కూరలు, మందులు. వాచ్‌మన్ గుమ్మం ముందు పెట్టి బెల్లు కొడతాడు. ఈమాత్రానికి మనిషి బయటికెందుకు?

సిస్టర్: మీ లిస్టులో గ్యాస్ సిలిండర్ లేదు.

సెక్రటరీ: అదీ గుమ్మం దగ్గరికే వస్తుంది.

సిస్టర్: గుమ్మం దగ్గరికి వస్తే సరిపోతుందా? గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్ఫై కిలోల దాకా బరువు. అబ్బాయి లోపలికి రాకూడదంటే వంటింట్లోకి ఎవరు చేరుస్తారు? పెద్దాయన నడుం వంచి అంచు మీద తిప్పుకుంటూ బయల్దేరతాడు, గడప దగ్గర పట్టు తప్పితే పడేది పాదం మీద. ఎలాగో చేర్చాడే అనుకోండి. సీలు తీయాలి, తెల్ల మూతకున్న దారం లాగాలి, వాల్వులో నల్ల రబ్బరు రింగు సరిగ్గా ఉందో లేదో చూడాలి, రెగ్యులేటర్ క్లిక్‌మనే దాకా నొక్కాలి, సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో గమనించాలి. శుక్లాలున్న కంటికి ఆ రింగు ఆనదు. అది చీలి ఉంటే గ్యాసు లీకే. వయసు మీద పడితే వాసన పట్టే శక్తి కూడా తగ్గుతుంది. డెలివరీ అబ్బాయి అవన్నీ చూసి బిగించి వెళ్లడానికి ఐదు నిమిషాలు చాలు, మీ నిబంధన ఆ ఐదు నిమిషాలనే తీసేసింది. అన్నట్టు, సిలిండర్ ముట్టుకున్నామని శానిటైజర్ రాసుకుని ఆ తడి చేత్తోనే స్టవ్ వెలిగిస్తారు. అందులో ఉన్నది ఆల్కహాల్. వంటింట్లో సబ్బే వాడాలి.

సెక్రటరీ: సరే, సిలిండర్‌కు మినహాయింపు. అబ్బాయి మాస్కు పెట్టుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, పెద్దాయన ఆ ఐదు నిమిషాలూ బాల్కనీలో ఉండాలి.

సిస్టర్: మొదటి మినహాయింపు రాసుకోండి. రెండోది మందులు. లాక్‌డౌన్‌లో రోజూ వాడే కంపెనీ మందు దొరక్క షాపువాళ్లు ఇంకో కంపెనీది పంపారు. పాత స్ట్రిప్ మీద ఒక పేరు, కొత్త దాని మీద ఇంకో పేరు, లోపల మందు ఒకటే. గుమ్మం ముందు కవర్లో పెట్టి వెళ్లిపోతే ఆ సంగతి చెప్పేదెవరు? పెద్దాయన పాతవి నాలుగు మిగిలాయని అవీ వేసుకుంటాడు, కొత్తవీ వేసుకుంటాడు. బీపీ మందు రెండింతలైతే రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు కళ్లు తిరిగి పడతాడు. షుగర్‌కు గ్లిమిపిరైడ్ రెండింతలైతే ఇంకా ఘోరం. మామూలు మోతాదే వేసుకున్నా పాలు రాలేదనో కూర లేదనో టిఫిన్ మానేస్తే చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. అప్పుడు మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ షుగర్ చూసుకోవాలి, తగ్గే ఉంటే ఇంకోసారి తాగాలి, కుదుటపడ్డాక ఏదైనా తినాలి. తికమకలో ఉన్న ఒంటరి మనిషికి ఇవన్నీ గుర్తొస్తాయా?

సెక్రటరీ: దానికి విరుగుడు బయటికి పంపడం కాదుగా! ఫోనుంది. 2020 మార్చి 25నే టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి, డాక్టర్ ఫోన్లోనే చూసి చీటీ పంపొచ్చు. మందులు వచ్చినప్పుడు పెద్దాయన పాత స్ట్రిప్పూ కొత్త స్ట్రిప్పూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి. మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, వెనక ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో (మెల్లగా కరిగే రకమని గుర్తు) ఉంటే అదీ సరిచూసి చెబుతాం. కొత్త దాని మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో ‘బీపీ, పొద్దున’ అని రాసుకోవాలి. ఆదివారం ఒక్కసారి ఏడు అరల డబ్బా నింపుకుంటే వారమంతా చింత లేదు. పదిహేను రోజుల మందులు ఎప్పుడూ చేతిలో ఉండాలి, ఆఖరి స్ట్రిప్ విప్పినప్పుడు కాదు, అది మిగిలినప్పుడే చెప్పాలి. ఇవన్నీ గడప లోపలే అయ్యాయా లేదా?

సిస్టర్: అయ్యాయి, బాగా చెప్పారు. ఫోన్లో డాక్టర్‌కు పాదం మాత్రం కనపడదు. షుగరున్నవాళ్లకు మడమ పగిలి పుండైనా నొప్పి తెలియదు. రోజూ చూసుకోవాలి, వంగలేకపోతే అద్దం నేల మీద పెట్టుకుని అరికాలు చూసుకోవాలి. సరే, అదొదిలేయండి. నా అసలు పేచీ కాళ్లతోనే.

సెక్రటరీ: కాళ్లా?

సిస్టర్: రోజూ పొద్దున పాల బూత్ దాకా, సాయంత్రం గుడి దాకా నడిచే మనిషిని రెండు నెలలు కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ వయసులో తొడ కండ త్వరగా పోతుంది, తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలడా అన్నది చూడండి. మార్చిలో లేచిన మనిషి జూన్‌లో చేతులు ఆనిస్తున్నాడంటే తర్వాతి మజిలీ బాత్రూమ్‌లో పడటమే. తుంటి ఎముక విరిగితే కోవిడ్ ఉన్నా లేకున్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

సెక్రటరీ: బజారుకు పంపుదామంటారా? 2021 మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టి పొద్దున 6 నుంచి 10 దాకా సడలించారు. ఏమైంది? రోజంతా వచ్చే జనం ఆ నాలుగు గంటల్లోనే వచ్చి పడ్డారు. సున్నం గుండ్రాలు గీసినా నిలబడింది గుండ్రాల మధ్యనే. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ గుంపు కంటే కుర్చీ మేలు.

సిస్టర్: బజారుకు పంపమని నేనెక్కడన్నాను? గడప దాటితే బజారే ఉంటుందా? డాబా ఉంది. పొద్దున ఆరింటికి డాబా మీద పావుగంట, ఎండ దిగాక పావుగంట. లిఫ్ట్ ఇరుకు, గాలి ఆడదు కాబట్టి ఎక్కితే ఒక్కరే ఎక్కాలి. డాబా తాళం మీ దగ్గరే ఉంది సెక్రటరీ గారూ, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారని వేసిన తాళం. పెద్దవాళ్లకు పొద్దున ఒక అరగంట కేటాయించి తీస్తే ఏం పోతుంది? ఇంట్లోనే నడవమంటారు, హాల్లో పన్నెండడుగులకోసారి తిరగాలి. అలా తిరిగేటప్పుడు పెద్దవాళ్లు పడే ప్రమాదం ఎక్కువ. టీపాయ్ జరిపి, డోర్‌మ్యాట్లు తీసేసి, చెప్పులు వేసుకుని నడిస్తే కొంత నయం. దాంతోపాటు కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, పూటకోసారి.

సెక్రటరీ: డాబా ఇస్తాను. విజయవాడ మే నెలలో ఏడు దాటితే అక్కడ నిలవలేం, కాబట్టి ఆరింటికే.

సిస్టర్: ఎండ మాట మీరే ఎత్తారు. పై అంతస్తులో శ్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంది. కరెంటు బిల్లుకు జడిసి, చల్లగాలికి కరోనా వస్తుందని ఎవరో చెప్పగా విని ఏసీ ఆపేస్తారు. వయసులో దాహం తెలియదు. నీళ్లెక్కువ పోయే బీపీ మాత్ర వేసుకుంటూ, బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లు మానేస్తే ఒంట్లో ఉప్పు తేడా చేసి మాట తడబడుతుంది. దూరం నుంచి ఫోన్లో వింటే నిద్రమత్తు అనుకుంటారు. లీటరు సీసాలు రెండు పొద్దున నింపి బల్ల మీద పెట్టుకోవాలి, రాత్రికి ఖాళీ కావాలి. గుండె, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్ల డాక్టర్ చెప్పినంతే.

సెక్రటరీ: ఇవన్నీ కనిపెట్టడానికి కొడుకు రోజూ వీడియో కాల్ చేస్తాడు. ఇక్కడ పొద్దున ఎనిమిదైతే అక్కడ రాత్రి పదిన్నర, ఇద్దరికీ కుదిరే వేళే.

సిస్టర్: వీడియోలో మొహమే కదా కనపడేది? ఆ మొహం కూడా కొడుకు కోసం నవ్వుతుంది. ఫ్రిజ్‌లో నిన్నటి అన్నం అలాగే ఉందని, పంచె అంచు తడిసి ఉందని, మంచం కింద మాత్ర పడి ఉందని చూసేది పనిమనిషి. మీరు మొదట ఆపింది ఆమెనే.

సెక్రటరీ: ఆమె నాలుగిళ్లలో చేస్తుంది సిస్టర్. నాలుగిళ్ల జబ్బు ఒక ఇంటికి తెస్తుంది. ఇందులో మాత్రం నేను తగ్గను.

సిస్టర్: ఆ నాలుగిళ్లలో మూడింట్లో వయసులో ఉన్న మొగుడూపెళ్లాలున్నారు, గిన్నెలు తోముకోగలరు. వాళ్లు ఆమెను రావద్దని చెప్పి జీతం ఇస్తే చాలు, ఆమె ఒంటరిగా ఉన్న ఆ ఒక్క ఇంటికే వస్తుంది. రాగానే సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవాలి, మాస్కు తీయకూడదు, ఆమె వంటింట్లో ఉన్నంతసేపూ పెద్దాయన కిటికీ పక్కన కూర్చోవాలి. దగ్గో జ్వరమో ఉంటే ఆ రోజు రానక్కర్లేదు, జీతం కోయకూడదు. కోస్తామంటే జ్వరం దాచిపెట్టి వస్తుంది. సంఘం కాగితం మీద ఈ జీతం ముక్కే రాయరు.

సెక్రటరీ: మూడిళ్లవాళ్లను ఒప్పించడం మీటింగ్‌లో తేలే విషయం కాదు.

సిస్టర్: గేటు మూయడం మాత్రం ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో తేలింది!

సెక్రటరీ: (నవ్వి) సరే, చర్చకు పెడతాను. నా వైపు నుంచి ఒకటి వినండి. ఎవరూ రాని ఇంట్లో మనిషి పడిపోతే ఎలా తెలుస్తుందన్నది మీ భయం. దానికి మా దగ్గర పద్ధతి ఉంది. పాల ప్యాకెట్ సంచిలోంచి ఎనిమిదికల్లా తీయకపోతే వాచ్‌మన్ బెల్లు కొడతాడు. పలకకపోతే ఫోన్. అదీ ఎత్తకపోతే ఎదురింటి వాళ్ల దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీస్తారు.

సిస్టర్: తలుపు రాదు.

సెక్రటరీ: ఎందుకు రాదు?

సిస్టర్: లోపల గడియ వేసుంటుంది కాబట్టి. ఒంటరిగా ఉన్నవాళ్లు భయంతో లాకు, పై గడియ, కింద గడియ, గొలుసు అన్నీ బిగిస్తారు. తాళంచెవి తిరుగుతుంది, తలుపు కదలదు. వడ్రంగిని పిలవాలి, లాక్‌డౌన్‌లో వడ్రంగి ఎక్కడ దొరుకుతాడు? అందుకని రాత్రి లాకు ఒక్కటే వేసుకోవాలి, చెవి లోపలి వైపు దూర్చి వదిలేయకూడదు, అలా వదిలితే బయటి చెవి ఎక్కదు. బయట గ్రిల్ గేటుంటే దాని చెవీ అదే గుత్తిలో ఉండాలి. దొంగల భయమంటే గ్రిల్‌కు తాళం వేసుకోమనండి, గడియలు మాత్రం వద్దు. బాత్రూమ్ తలుపుకైతే గడియే అక్కర్లేదు, ఉన్నది ఒక్కరే కదా!

సెక్రటరీ: ఇది మాకు తట్టలేదు. రేపే అందరి తలుపులూ చూపిస్తాను. ఇక డబ్బు విషయానికొస్తే గెలుపు నాదే. 2020లో ఆంధ్రాలో ఒకటో తారీఖున వాలంటీరు ఇంటికే వచ్చి 2,250 రూపాయల పింఛను ఇచ్చారు, వేలిముద్ర బదులు ఫొటో తీసుకున్నారు. బ్యాంకు గుమ్మం తొక్కాల్సిన పనే పడలేదు.

సిస్టర్: అది నా వైపు సాక్ష్యం. నెలకోసారి ఒక మనిషి ఆ గుమ్మం ముందు నిలబడి మొహం చూసింది, ఎలా ఉన్నారని అడిగింది. మీ ప్రతిపాదన ప్రకారమైతే కవరు గడప దగ్గర పెట్టి పోవాలి. ఇక బ్యాంకు పింఛనుదారుల మాట. పెద్దాయన చేతికి యూపీఐ ఇచ్చి వదిలేశారు. ‘మీకు డబ్బు పంపుతున్నాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఫోనొస్తుంది. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. ఈ రెండు ముక్కలూ రాసి ఫోన్ కవర్ వెనక అంటించండి. ఆ యాప్‌ను పింఛను పడే ఖాతాకు కలపకుండా రెండు మూడు వేలుండే చిన్న ఖాతాకు కలపండి.

సెక్రటరీ: అదీ రాసుకున్నాను. అయినా నవంబర్‌లో, బతికే ఉన్నామని పింఛనుదారులు ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు బ్యాంకులో గంటల క్యూ కంటే ఇంట్లో ఉండటం నయమంటారా కాదంటారా? 2020లో గడువు డిసెంబర్ 31కి, తర్వాత 2021 ఫిబ్రవరి 28కి పెంచారు. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి 70 రూపాయలకు చేసే ఏర్పాటు కూడా వచ్చింది.

సిస్టర్: నయమనే అంటాను. పోస్ట్‌మ్యాన్‌నే పిలవండి, నాకూ అదే ఇష్టం. ఆయన మాత్రం గడప లోపలికి రావాల్సి ఉంటుంది.

సెక్రటరీ: ఆ వేలిముద్ర మిషన్ అప్పటికి ఎంతమంది ముట్టుకుని ఉంటారో!

సిస్టర్: ముందు తుడిపించండి, తర్వాత సబ్బుతో కడిగించండి. మీరు అనుకోని చిక్కు ఇంకోటుంది, డెబ్బై దాటిన వేళ్ల గీతలు అరిగి మిషన్ పట్టదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, చుక్క కొబ్బరినూనె రాసి బట్టతో పూర్తిగా తుడిచాక పెట్టించండి. బొటనవేలు రాకపోతే మిగతా వేళ్లు ఒక్కొక్కటీ ప్రయత్నించాలి. పోస్ట్‌మ్యాన్ రెండు నిమిషాలన్నా పదిహేను నిమిషాలు పడుతుంది, ఆయనకు కిటికీ పక్కన కుర్చీ వేయించండి.

సెక్రటరీ: పదిహేనా? పది నిమిషాలకు ఒప్పుకుంటాను.